పన్నెండు పీపాల మందు

ఆ ఏడు బడ్జెట్‌లో ఆసుపత్రుల డబ్బంతా ఫిరంగులకు పోయింది. బడుల డబ్బు తుపాకులకు పోయింది. రోడ్ల డబ్బు ట్యాంకులకు పోయింది, ఆ ట్యాంకులు దేని మీద నడుస్తాయన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు. యుద్ధం ఎవరితో అని అడిగితే అదింకా తేలలేదన్నారు. ముందు సామాను సిద్ధం చేసుకుంటే శత్రువు వాడంతట వాడే దొరుకుతాడని రేడియోలో ఒక పెద్దమనిషి మహా ధీమాగా చెప్పాడు.

వంతెన పక్క చిన్న ఆసుపత్రిలో ఉండే నర్సమ్మకు శత్రువు ఎప్పుడో దొరికాడు. వాడి పేరు దగ్గు. రోజూ పొద్దున తలుపు తీసేసరికి నలభై మంది దగ్గుతూ వరండాలో ఉండేవారు. ఆసుపత్రంటే రెండు గదులు, ఒక బీరువా. కప్పుకు ఎన్ని చిల్లులంటే, బయట వాన వెలిశాక కూడా లోపల ఇంకో గంట కురిసేది. జీతం ఆగిన నెలలోనే డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకుని, ఇప్పుడే వస్తానని వెళ్లి, ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు. మిగిలింది నర్సమ్మ, ఆమె మరిది. మరిది అక్కడే కాంపౌండరు. కలపడానికి మందుల్లేక, ఖాళీ సీసాలు కడిగి ఎండబెట్టి, ఎండినవాటిని మళ్లీ కడుగుతూ పొద్దుపుచ్చుతున్నాడు.

అలాంటప్పుడు పైనుంచి కాగితం వచ్చింది. మందు నిల్వ లేని ఆసుపత్రులన్నిటికీ ఒకటో తారీఖున తాళం వేస్తారట. మందు ఇవ్వడం మానేసింది వాళ్లే, లేదని తాళం వేసేదీ వాళ్లే.

"తాళం వేస్తే నేనెక్కడికి పోయి దగ్గాలే?" అంది దూదవ్వ.

దూదవ్వ పరుపులు కుడుతుంది. నలభై ఏళ్లు దూది దుమ్ము పీల్చి ఆమె రొమ్ము పాత కొలిమి తిత్తిలా తయారైంది. ఊపిరి లోపలికి తీస్తే ఈల మోగేది. ఆ ఈలకు వీధి మలుపులో సైకిళ్లవాళ్లు పక్కకు తప్పుకునేవారు. అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. కానీ పోయిన వారం ఊపిరి అందక ఆమె గోళ్లు నీలంగా మారాయి. నర్సమ్మ పక్కన కూర్చుని వీపు నిమరడం తప్ప ఏమీ చేయలేకపోయింది. ఇంకోసారి అలా వస్తే వీపు నిమిరితే సరిపోదని నర్సమ్మకు తెలుసు. అందుకే ఆ పూట కాగితం చదివి, మడిచి, కొంగున దోపుకుని మరిదిని పిలిచింది.

"ఇండెంటు రాయి నాయనా."

"పాత కాగితాలు అయిపోయాయి వదినా. అచ్చు వేసే డబ్బు కూడా ఫిరంగులకే పోయిందట. ఇప్పుడు అన్ని ఆఫీసులకూ ఇదొకటే. చూడు, పైన కత్తుల బొమ్మ."

"కత్తులుంటే మనకేం, గీసుకుంటాయా? రాయి."

కాగితం మీద గళ్లు చిన్నవి, మరిది అక్షరాలు పెద్దవి.

"ఎక్కడ్నుంచి అని అడుగుతోంది."

"వంతెన పక్కన అని రాయి."

"ఏం కావాలి?"

"మందు."

"ఏ మందని రాయను?"

"గడిలో ఎంత పడుతుంది?"

"ఒక్క మాట. అదీ నేను ఊపిరి బిగబట్టి రాస్తే."

"అయితే మందు అని రాయి చాలు. ఏ మందో ఆమాత్రం వాళ్లకు తెలీదా?"

"ప్రస్తుత పరిస్థితి?"

"ఉన్నది తడిసిపోయింది. రోజుకు నలభై మంది మందు లేక వెనక్కి పోతున్నారని రాయి."

"ఎలాంటిది పంపాలి?"

"పొడిదైతే మంచిది, సీసాలైతే దారిలో పగుల్తాయి. ఘాటైనది పంపమను. పోయినసారి పంపింది ఎంత వేసినా ఒక్కడి మీదా పనిచేయలేదు."

మరిది అలాగే రాసి, కింద అందంగా గీత గీసి, పోస్టు చేశాడు.

కత్తుల బొమ్మ ఉన్న కాగితం కదా, తిన్నగా సైన్యం సరుకుల ఆఫీసుకు పోయింది. వంతెన దగ్గర నలభై మంది మందు లేక వెనక్కి పోతున్నారని చదివి అక్కడి అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కప్పు గురించి నర్సమ్మ ఆరేళ్లుగా రాసిన అర్జీలకు ఒక్క జవాబు రాలేదు. దీనికి నాలుగో రోజే లారీ వచ్చింది.

లారీలోంచి ముందు ఒక మీసం దిగింది, దాని వెనకాల హవల్దారు దిగాడు. అతని వెనక నలుగురు సిపాయిలు.

"మందు తెచ్చాం. ఎక్కడ దించమంటారు?"

నర్సమ్మ కళ్లు చెమర్చాయి. "చల్లగా ఉండండి బాబూ. ఆ బీరువాలో సర్దండి."

"బీరువాలోనా? పన్నెండు పీపాలమ్మా."

"మరిదీ, విన్నావా? పీపాలట. ఆ సీసాలు కడగడం ఇక ఆపు."

పీపాలు దొర్లించుకుంటూ సిపాయిలు లోపలికి పోతుంటే హవల్దారు వరండాలో కూర్చున్న జనాన్ని చూశాడు. "వీళ్లెవరు?"

"మందు కోసం వచ్చినవాళ్లే."

"ఈ ముసలామె కూడానా?"

"అసలు ముందు ఆమెకే ఇవ్వాలి. పూటకో చెంచా."

"చెంచాతోనా?"

"చిన్న చెంచా. వేడినీళ్లలో."

హవల్దారు మీసం ఒక వైపు కిందికి దిగింది. "పిల్లలున్నారు, వాళ్లకు?"

"పిల్లలకు సగం. తేనెలో కలిపితే ఏడవకుండా మింగుతారు."

"నోట్లోనే వేస్తారా అమ్మా?"

"మరి జేబులో వేస్తారా? ఏమయ్యా, ఎప్పుడూ మందు చూడనట్టు మాట్లాడతావేం? కాస్త ఎక్కువైనా ఏం కాదు, కడుపు ఉబ్బుతుందంతే."

"ఉబ్బడంతో ఆగదమ్మా," అన్నాడు హవల్దారు.

ఈలోగా మరిది ఒక పీపా మూత తీశాడు. లోపల నల్లటి పొడి. వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాడు, ఉమ్మేశాడు, ఇంకోసారి అద్దుకోబోయి ఆగిపోయాడు.

"వదినా, ఇది తుపాకి మందు."

నర్సమ్మ పక్కనున్న పీపా మీద చతికిలబడింది.

"దాని మీద కూర్చోకూడదమ్మా," అన్నాడు హవల్దారు.

"పేలుతుందా?"

"పేలదు. రూలు ప్రకారం సుబేదారు కంటే చిన్నవాళ్లు పీపా మీద కూర్చోకూడదు."

పీపాలు మళ్లీ లారీ ఎక్కించాల్సిందేనని హవల్దారు అంటుండగానే తాళాల గుమాస్తా వచ్చాడు. చంకలో పుస్తకం, చేతిలో గుమ్మడికాయంత తాళం. అటూ ఇటూ చూడకుండా పుస్తకం తెరిచాడు.

"మందు నిల్వ ఉందా, లేదా?"

లేదు అనడానికి నర్సమ్మ నోరు తెరిచింది. దూదవ్వ వైపు చూసింది. నోరు మూసి మళ్లీ తెరిచింది.

"ఉంది. పన్నెండు పీపాలు."

గుమాస్తా పుస్తకంలో ఉన్నవి రెండే గళ్లు. ఉంది అన్న గడిలో గీత పెట్టి, తాళం భుజాన వేసుకుని, ఇంకో ఆసుపత్రికి పోయాడు.

"అబద్ధం చెప్పారు," అన్నాడు హవల్దారు.

"ఏది అబద్ధం? అది మందు కాదూ?"

హవల్దారు మీసం చివర నమిలాడు. "మందే."

"అయితే కూర్చో, మాట్లాడుకుందాం."

"కూర్చోలేనమ్మా."

అప్పుడు గానీ నర్సమ్మ గమనించలేదు. మనిషి వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నాడు, లారీలోనూ నిలబడే వచ్చాడట. కూర్చోవాల్సిన చోట సెగగడ్డ, తొమ్మిది రోజులైంది. సైన్యంలో ఎవరికైనా చూపిస్తే పటాలమంతా నవ్వుతుందని దాచుకున్నాడు. నర్సమ్మ తెర లాగి, సీసా అడుగున మిగిలిన స్పిరిటు చుక్కతో కత్తి తుడిచి, రెండు నిమిషాల్లో పని ముగించింది. హవల్దారు ఒకే ఒక్క కేక పెట్టాడు. బయట సిపాయిలు అది ఆర్డరనుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు.

తెర తీశాక హవల్దారు బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. లోకంలో బెంచీ కంటే గొప్ప వస్తువు లేదన్నట్టు కాసేపు అలాగే ఉండి, జేబులోంచి రూళ్ల పుస్తకం తీశాడు.

"అమ్మా, తుపాకి మందు తడవకూడదని ఇందులో ఉంది."

"అంటే?"

"అంటే మీ కప్పు బాగుచేయాలి. పీపాల దగ్గర నిప్పు ఉండకూడదు, కాబట్టి సూదులు మరగబెట్టుకోవడానికి కరెంటు పొయ్యి ఇవ్వాలి. పది పీపాలు దాటితే అక్కడి సిపాయిలకు నెలనెలా ఔషధాల పెట్టె రావాలి. తలకింత అని."

"ఔషధాలా," అన్నాడు మరిది. "ఆ మాట రాయాలన్నమాట. ఇన్నేళ్లూ మందు, మందు అని రాసి చెడ్డాం వదినా."

"మీరు అయిదుగురే కదయ్యా," అంది నర్సమ్మ. "అయిదు తలలకు ఎంతొస్తుంది?"

"అయిదని ఎవరన్నారు? మీ కాగితంలో మీరే రాశారు కదా, నలభై మందని."

నర్సమ్మ వరండా వైపు చూసింది. వరండా అంతా నర్సమ్మ వైపు చూసింది. మరిది కలం తీశాడు.

వారంలో కప్పు బాగైంది. ఎంత బాగైందంటే, కిందనున్నవాళ్లకు వాన సంగతి మర్నాడు గానీ తెలిసేది కాదు. ఔషధాల పెట్టెలు వచ్చాయి. ఊపిరి మాత్రలు, పీల్చే గొట్టాలు, బలానికి సీసాలు, ఒక్కో సీసా మీద కత్తుల బొమ్మ. రిజిస్టరులో ఒకటో నంబరు సిపాయి దూదవ్వ. రెండు, బట్టలు ఇస్త్రీ చేసే ఆయన. మూడు, నిండు చూలాలైన ఆయన కోడలు. అలా నలభై. పేరు పిలిస్తే దూదవ్వ పలికేది కాదు, నంబరు చెబితేనే లేచేది. మూడో వారానికి ఆమె ఈల ఆగిపోయింది. వీధి మలుపులో సైకిళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడం మొదలైంది.

అప్పుడు కర్నలు వచ్చాడు.

"శత్రువు దొరికాడు," అన్నాడు జీపు దిగుతూనే, తప్పిపోయిన గొడుగు దొరికినంత సంతోషంగా. "వంతెన దగ్గర వెనక్కి పోయే నలభై మంది మందు అందగానే నిలదొక్కుకున్నారని విన్నాను. అలాంటివాళ్లే కావాలి. రేపు పొద్దున లారీలు వస్తాయి, సరిహద్దుకు బయల్దేరాలి. ఏరీ, వరుసలో నిలబెట్టండి."

హవల్దారు మొహం సున్నం కొట్టినట్టయింది. నలభై మందీ పెరట్లో వరుస కట్టారు. దూదవ్వ పరుపుల సూది భుజానికి ఆనించుకుని మొదట నిలబడింది. కర్నలు ఆమె ముందు ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"వయసెంత సిపాయీ?"

"లెక్కపెట్టడం మానేశాను నాయనా."

"తుపాకి పేల్చావా?"

"పేలుస్తాలే. ఎవరైనా పట్టుకుంటే."

కర్నలు మూడో నంబరు దగ్గరికొచ్చి, ఆ అమ్మాయి కడుపు వైపు చూసి, ఏమీ అడగకుండా ముందుకు నడిచాడు. వరుస చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

నర్సమ్మ లెక్క వేసుకుంది. నిజం చెబితే హవల్దారు జైలుకు, ఆసుపత్రి తాళానికి, దూదవ్వ మళ్లీ నీలం గోళ్లకు. చెప్పకపోతే ఈ నలభై మందీ రేపు లారీలో. ఆమె హవల్దారు జేబులోంచి రూళ్ల పుస్తకం లాక్కుని ముందుకొచ్చింది.

"అయ్యా, వీళ్లు కదలకూడదు. జబ్బుపడ్డ సిపాయిని నయమయ్యేదాకా చోటు కదపరాదని మీ పుస్తకంలోనే ఉంది."

"జబ్బా? నలభై మందికీనా? ఏదీ, దగ్గమనండి."

నర్సమ్మ వరుస వైపు తిరిగి కళ్లతోనే బతిమాలింది. నలభై మందీ దగ్గబోయారు. ఒక్కరికీ దగ్గు రాలేదు. మూడు వారాలు మాత్రలు పడ్డాయి కదా, ఛాతీలు గంటల్లా ఉన్నాయి. దూదవ్వ మొహం ఎర్రబడేదాకా ముక్కింది, చివరికి చక్కటి ఆవులింత వచ్చింది.

"దుక్కల్లా ఉన్నారు," అన్నాడు కర్నలు.

"ఉంటే ఉండనివ్వండి. కాగితం చూడండి." నర్సమ్మ రిజిస్టరు అతని ముక్కు కింద పెట్టింది. "నలభై పేర్లు, నలభై జబ్బులు. నయమైందని రాయాల్సింది ఇక్కడి వైద్యం చేసే మనిషి, అంటే నేను. నేను రాయలేదు."

"రాయండి మరి, ఇప్పుడే."

"నా చేతికి ఇంకా నమ్మకం కుదరలేదు. రాయకుండా తీసుకెళ్తానంటారా, మీ ఇష్టం. కాగితం మీద జబ్బుగా ఉన్న మనిషి యుద్ధంలో పోతే మీరు ఏ గడిలో రాస్తారు? జబ్బుతో పోయినవాళ్లలోనా, యుద్ధంలో పోయినవాళ్లలోనా?"

కర్నలు తుపాకులకు భయపడని మనిషే. కానీ ఒక మనిషి రెండు గళ్లలో పడితే పైవాళ్లు ఎన్నేళ్లు ఉత్తరాలు రాస్తారో అతనికి బాగా తెలుసు. పైగా లారీలో ఆ వరుసతో సరిహద్దు చేరితే అవతలివాళ్లు నవ్వే నవ్వు ఇక్కడికే వినబడినట్టుంది. కలం తీసి రిజిస్టరు మీద రాశాడు: నయమయ్యేవరకు కదపరాదు. ఔషధాలు రెట్టింపు చేయవలెను.

జీపు వెళ్లిపోయాక హవల్దారు తనకు తానే పర్మిషన్ ఇచ్చుకుని పీపా మీద కూర్చున్నాడు.

"వదినా, ఇక వీళ్లలో ఎవరికీ ఎప్పటికీ నయం కాకూడదన్నమాట," అన్నాడు మరిది.

"అవును, కాకూడదు. కాగితం మీద."

దానికి దూదవ్వ ఒప్పుకోలేదు. ఇన్నాళ్లకు ఊపిరాడుతుంటే నలుగురికీ చెప్పుకోనివ్వకపోవడం ఏం న్యాయమని రెండు రోజులు అలిగింది. చెప్పుకుంటే లారీ ఎక్కిస్తారని నర్సమ్మ నచ్చజెప్పింది. అప్పట్నుంచి ఆ వీధిలో ఎవరినైనా ఒంట్లో ఎలా ఉందని అడిగి చూడండి. ఇస్త్రీ పెట్టె గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూనే ఆయన, ఏం బాగుంది బాబూ, అంటాడు. దూదవ్వనైతే అడగనే అక్కర్లేదు. తలమీద కొత్త పరుపు చుట్ట పెట్టుకుని మూడంతస్తుల మెట్లు గబగబా ఎక్కుతూ, "ఏం చెప్పమంటావు నాయనా, అదే దగ్గు, అదే ఆయాసం, ఈ పూటో రేపో అన్నట్టుంది, ఆ కర్నలు కనబడితే నేను మంచం మీదున్నానని చెప్పు" అంటుంది, ఎక్కడా ఆగకుండా, ఒకే ఊపిరిలో.