వండే నీళ్లు

త్రివేణి ఆటో దిగేసరికి ఎంకమ్మ బోరు దగ్గర బిందె నింపుతోంది. మూడు నెలల కిందటి దాకా అక్కడ ట్యాంకర్ ఆగేది. ఫ్యాక్టరీల మురుగు భూమిలోకి దిగి ఆ ఊళ్లో బోరు నీళ్లు పాడై ఏళ్లయింది.

త్రివేణిది సంగారెడ్డిలో ఇంజనీరింగ్ చివరి ఏడాది. ఇంజనీర్లకు సమాజం తెలియాలని కాలేజీలో ఒక పేపర్ పెట్టారు. దానికోసం లక్డారం అవతలి ఈ చిన్న ఊళ్లో సర్వే చేసింది. "ముందు ఫారం లేకుండా పోయి ఒక పూట ఎవరింట్లోనైనా కూర్చో. ప్రశ్నలు తర్వాత రాసుకో" అన్నాడు ఆ పాఠం చెప్పే జయంత్ సార్. ఆమె కూర్చోలేదు. ప్రశ్నలు హాస్టల్లోనే రాసుకుని నలభై ఇళ్లు ఒక్క రోజులో తిరిగింది. తాగే నీళ్లు ఎక్కడివంటే అందరూ ఫిల్టర్ క్యాన్ అన్నారు. అదే రాసింది. కాలేజీ ఆ రిపోర్టును ట్యాంకర్ పంపే మండల ఆఫీసుకు పంపింది. అందరూ నీళ్లు కొనుక్కుంటున్నారు కదా అని ఆఫీసు ట్యాంకర్ ఆపేసింది.

"తాగే నీళ్లు అడిగినవ్, చెప్పిన. వండే నీళ్లు అడిగినవా బిడ్డా?" అంది ఎంకమ్మ. "క్యాన్ నీళ్లతోని బియ్యం కడుగుతరా ఎవలన్న?"

"తప్పు నాదే అవ్వా. ఆఫీసుకు పోయే వస్తున్న."

"ఏమన్నరు?"

క్లర్కు ఆమె సంతకమున్న పేజీనే తీసి చూపించాడు. నలభై ఇళ్లకు నలభై ఇళ్లూ ఫిల్టర్ క్యానే. కాలేజీ నుంచి ఇంకో రిపోర్టు వస్తే చూద్దామన్నాడు. కాలేజీలో ఆ పేపర్ అయిపోయింది. ఆమెకు తొంభై రెండు మార్కులు వచ్చాయి. మళ్లీ సర్వే వచ్చే ఏడాది బ్యాచ్‌కే. జయంత్ సార్ సొంతంగా ఉత్తరం రాసిచ్చాడు. కాలేజీ ముద్ర లేదని క్లర్కు తీసుకోలేదు.

ఇదంతా విని ఎంకమ్మ బిందె చంకకెత్తుకుంది.

"గీ బోరు ఏసినప్పుడు గూడ ఒక ఇంజనీర్ వచ్చిండు. నీళ్లు పడ్డయా అని సూసిండు. ఎసొంటి నీళ్లో సూడలే. ఫారం తెచ్చినవా ఇయ్యాల?"

"లేదు."

"అయితే రా, కూసో. తిని పో."

త్రివేణి పొయ్యి పక్కన కూర్చుంది. ఎంకమ్మ బిందెలో నీళ్లతో బియ్యం రెండుసార్లు కడిగింది. ఆ బిందె నీళ్లే ఎసరు పెట్టింది. అన్నం ఉడికేదాకా త్రివేణి పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

పళ్లెంలో అన్నం లేత పసుపు రంగులో ఉంది. ఎంకమ్మ చెంబు అందించింది. త్రివేణి చెయ్యి కడుక్కుని పళ్లెం దగ్గరికి లాక్కుంది.