మీసం మెలేసిన కేసు

కోర్టు వరండాలో నేను పకపకా నవ్వాను. తమ్ముడు జైల్లో ఉంటే నవ్విన అక్కను ఆ వరండా అంతకుముందు చూసి ఉండదు. ఏం చేయను, ఆగలేదు.

తమ్ముడి మీద పెట్టిన ఫిర్యాదు చదివి వినిపిస్తున్న మా వకీలు కైనాత్ మేడం కళ్లద్దాల మీదుగా చూసింది. లక్సెట్టిపేట పిల్లే. వయసులో నాకంటే చిన్నది, కోపంలో పెద్దది.

"గిండ్ల నవ్వుడేంది అక్కా? బెయిల్ రాకుంటే మీ తమ్ముడు లోపల్నే ఉంటడు."

"మళ్లొక్కసారి చదువు మేడం. గా మీసం ముచ్చట."

చదివింది. దీపాలు పెట్టే వేళ మా తమ్ముడు పరశురాములు మందిని వెంటేసుకుని మా ఊరి దొర వంశీధర్‌రావు గేటు ముందుకు వచ్చి, మీసం మెలేసి, చంపుతానని బెదిరించాడట. ఆ రాత్రే ఎవరూ గుర్తుపట్టకుండా గుండు చేయించుకుని, మీసం తీసేసుకున్నాడట.

అసలు జరిగింది వేరు. మా వాడ పిల్లగాడు అరుణ్ నీళ్ల ప్లాంటు దగ్గర వరుసలో వంశీధర్‌రావు కొడుకు కంటే ముందు నిలబడ్డాడు. నీ కులానికి ముందు వరుస కావాలా అని తల పగలగొట్టారు. మా తమ్ముడు కుల సంఘంలో తిరిగే మనిషి. అరుణ్‌ను ఆసుపత్రిలో చేర్పించి, కొట్టినవాళ్ల మీద కేసు పెట్టించాడు. కొట్టినవాళ్లు ఇంట్లో కూర్చుని సుక్క తాగి బొక్కలు కొరుకుతుంటే, కేసు పెట్టించినవాణ్ణి తెల్లారేసరికి జీపెక్కించారు. నాకు ఒళ్లు మండిపోయింది. స్టేషన్ ముందు నోటికొచ్చినట్టు తిట్టాను. ఎస్సై చాయ్ తాగుతూ విన్నాడు.

"మేడం, గా దినమే పొద్దుగాల మా బాపు దశదినం. గోదారి ఒడ్డున మా ఆయనే తమ్మునికి గుండు చేసిండు, మీసం తీసిండు. పొద్దుమీకి మెలేసేటందుకు మీసం ఏడికెల్లి తెస్తడు?"

కైనాత్ మేడం కాగితాలు మూసేసింది. "గీ మాట ముందుగాల ఎందుకు చెప్పలే?"

"మీసం మీద కేసు పెట్టిండ్రని నాకేం ఎరుక?"

"మంగలి వచ్చి సాక్ష్యం చెప్తడా?"

"ఊరి మంగలి మా వాడకు రాడు మేడం. మాయి మేమే గీసుకుంటం."

ఆమె నుదురు రుద్దుకుంది. ఇంటివాళ్ల మాట కోర్టు నమ్మదట. ఆసుపత్రిలో ఎవరైనా ఫొటో తీశారా అని అడిగింది. ఫొటో ఏమిటి, యూట్యూబ్ ఛానెల్ వాళ్లు వచ్చి లైవ్ పెట్టారు. ఆమె ఫోన్‌లోనే దొరికింది. బోడి గుండు, నున్నటి మూతితో మా తమ్ముడు అరుణ్ మంచం పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. సరిగ్గా గేటు దగ్గర బెదిరిస్తున్నాడని రాసిన వేళకే. "యా అల్లా" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది మేడం.

లోపల మేడం మా బాపు దశదినం సంగతి చెప్పింది, జడ్జి ఆ వీడియో చూశాడు. సర్కారు వకీలు కూడా చూసి, తనకు అభ్యంతరం లేదన్నాడు. కొట్టినవాళ్లను ఇంకా ఎందుకు పట్టుకోలేదని జడ్జి పోలీసులను అడిగాడు. బెయిల్ ఇచ్చాడు. నేను బయటికి వచ్చి బెంచీ మీద కూలబడి ఏడ్చాను. నెత్తి మీది బండ దించినట్టయింది. ఏడుస్తూ కూడా హాయిగానే ఉంది.

అప్పుడు వంశీధర్‌రావు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. మా బాపు ఆయన పొలంలోనే జీతం ఉండి ముసలివాడయ్యాడు. చిన్నప్పుడు ఈయన బడికి పోయింది మా బాపు భుజాల మీదనే.

"ఏమే, హనుమండ్లు సచ్చిపోయిండా?" అన్నాడు. "నాకెవ్వరు చెప్పలే."

నిజంగానే అడిగాడు. మొహం కూడా చిన్నబోయింది. తిడదామని లేచినదాన్ని, నా నోట తిట్టు రాలేదు.

"ఎట్ల తెలుస్తది దొరా? మా పీనుగులను మీ గల్లీలకెల్లి పోనియ్యరు గద. చేన్ల పొంటి మోసుకపోయినం."

నేను మేడం ఫోన్ అడిగి మా అవ్వకు చేశాను. తమ్ముడు ఇంటికొస్తుండు, బియ్యం కడుగు అని చెప్పాను.