పన్నుపోటు గారు దిగలేదు

పై దవడ అచ్చులో ప్లాస్టరు పోసి, బల్ల మీద టకటకా తట్టి, బుడగలన్నీ పైకి తేలేదాకా ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఒక్క బుడగ లోపల ఉండిపోయినా పళ్ళసెట్టు చిగురుకి గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే తిట్లు డాక్టరమ్మ దగ్గర్నుంచి నేరుగా వెనకగదికి వస్తాయి. మెచ్చుకోళ్ళు మాత్రం ముందుగదిలోనే ఆగిపోతాయి. ఇరవై తొమ్మిదేళ్ళుగా అంతే.

పళ్ళాసుపత్రిలో ఆయన్ని అందరూ ‘వెనకగది ఆయన’ అంటారు. నాలుగడుగులు వేస్తే అయిపోయే గది, ఒక కిటికీ, కిటికీకి అవతల పక్క మేడ గోడ. గోళ్ళ సందుల్లో, కనుబొమల మీద, చెవుల వెనక ఎప్పుడూ తెల్లటి పొడి. ఆయన చేసిన పళ్ళతో ఎన్ని వందలమంది నవ్వుతూ తిరుగుతున్నారో గానీ, వాళ్ళలో ఒక్కరి మొహమూ ఆయన ఎరగడు. పెళ్ళెందుకు చేసుకోలేదంటే ఆయన దగ్గరే సమాధానం లేదు. చూద్దాం చూద్దాం అంటుండగానే జుట్టు కూడా ప్లాస్టరు రంగుకి వచ్చేసింది. ఆదివారం అక్క ఫోను చేస్తుంది. తిన్నావా, తిన్నాను, సరే ఉంటాను. వారం మొత్తానికి అదే కబురు.

ఇవాళ మాత్రం ఆయన ప్రాణమంతా చొక్కా జేబులోని ఫోను మీదే ఉంది. సాయంత్రం ఆరింటికల్లా బస్సు ఖాళీ అయిపోతుంది.

బస్సంటే నిజం బస్సు కాదులెండి. పిల్లలు ఏడవకుండా డాక్టరమ్మ ముందుగదిలో టీవీ పెట్టించింది. రోజూ అయిదున్నరకి అందులో ‘ఉడుత కండక్టరు’ అనే కార్టూను వచ్చేది. గోడ పల్చన కాబట్టి ఆర్నెల్లపాటు ఆయన ఆ ఉడుతని చెవులతోనే చూశాడు. ఆ గొంతుకి మనిషి, అదే ఉడుత, బొద్దుగా ఉంటుందనుకున్నాడు. ఒకరోజు ఉండబట్టలేక తలుపు సందులోంచి తొంగిచూశాడు. బక్కచిక్కిన ఉడుత. ఎడమ ముందుపన్ను సగం విరిగి ఉంది. మర్నాడు చూస్తే విరిగింది కుడి పన్ను!

యాభై నాలుగేళ్ళ మనిషికి ఉడుత పన్ను గురించి నిద్రపట్టలేదంటే ఎవరు నమ్ముతారు? ఫోనులో వెతికితే, ఆ ఉడుతంటే పడిచచ్చేవాళ్ళ గ్రూపొకటి దొరికింది. పేరేమిటని అడిగితే తోచింది కొట్టేశాడు: పన్నుపోటు. ‘నిన్న ఎడమ పన్ను, ఇవాళ కుడి పన్ను. ఏది నిజం?’ అని ఒక్క ముక్క రాశాడు. పది నిమిషాల్లో నలభైమంది జవాబిచ్చారు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన మాటకి నలభైమంది తలతిప్పింది లేదు.

ఆ గ్రూపునే వాళ్ళు బస్సనేవారు. దాన్ని నడిపే అడ్మిన్ డ్రైవరక్క. కొత్తవాళ్ళు చేరితే ‘ఎక్కారు’. మానేసేవాళ్ళు మాటామంతీ లేకుండా పోకూడదు, ‘దిగుతున్నా’ అని చెప్పి మరీ పోవాలి. మూడేళ్ళుగా ఆయన రోజూ సాయంత్రం ఉడుత పళ్ళ మీద రిపోర్టు రాశాడు. ఆలస్యమైతే ఊరుకునేవారు కాదు. “పన్నుపోటు గారూ, రిపోర్టేదండీ?” “బాబాయ్, ఇవాళ కోరపన్ను కుశలమేనా?” ఒకసారి జ్వరమొచ్చి రెండ్రోజులు రాయకపోతే తొమ్మిదిమంది ఎలా ఉందని అడిగారు. ఆసుపత్రిలో పనిచేసే మనిషిని ఆసుపత్రిలో ఒక్కరూ అడగలేదు.

పోయిన వారం ఉడుత కథ ముగిసింది. చివరి రోజు కూడా విరిగి కనిపించింది కుడి పన్నే. ఇప్పుడు అందరూ పిల్లుల కార్టూనొకటి పట్టుకున్నారు. దానికి వేరే గ్రూపు కట్టారు. ఇవాళ ఆరింటికల్లా ఇక్కడ దిగి అక్కడ ఎక్కాలని డ్రైవరక్క మాట. పిల్లుల్ని ఆయనా చూశాడు. వాటికి నోరంటే ఒక గీత. నవ్వినా గీతే, ఏడ్చినా గీతే. పళ్ళే లేవు! పళ్ళు లేనిచోట పన్నుపోటుకేం పని?

అందుకని ఉండమని అడగాలి. ఆరులోపల అడగాలి. అంతే ఆయన కోరిక.

పొద్దున్నుంచి ‘అందరూ వెళ్ళిపోకండి’ అని రాసి, మరీ దేబిరించినట్టుందని చెరిపేశాడు. ‘కొంచెం ఆలోచిస్తే బాగుంటుందేమో’ అని రాశాడు. నోటీసులా ఉంది. అదీ చెరిపేశాడు. ఈలోగా ఒక్కొక్కరే దిగుతున్నా, దిగుతున్నా అంటుంటే నూట పన్నెండుమంది కాస్తా మధ్యాహ్నానికి యాభై ఒక్కరయ్యారు.

కౌంటరు దగ్గరుండే అమ్మాయి అచ్చులు తెచ్చిపెట్టి, తలుపు దగ్గరే నిలబడింది.

“ఏంటి బాబాయ్ గారూ, ఫోను వదలట్లేదు? సంబంధమేమైనా కుదిరిందా ఏంటి?”

“పళ్ళూడే వయసులో సంబంధమేంటమ్మా! తెలిసినవాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోతున్నారు.”

“మీవాళ్ళా?”

ఆయనకి వాళ్ళలో ఒక్కరి మొహం తెలీదు, వయసు తెలీదు, అసలు పేరు తెలీదు.

“మావాళ్ళే,” అన్నాడు.

“మరి వెళ్ళి ఒకసారి కనిపించి రండి,” అనేసి ఆ పిల్ల వెళ్ళిపోయింది. చెబితే వినేదేమో. చెప్పడమెలాగో ఆయనకి చేతకాలేదు.

అయిదుకి డాక్టరమ్మే స్వయంగా వెనకగదికి వచ్చింది. ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టి ఏడాది దాటి ఉంటుంది. చేతిలో మైనంలో పొదిగిన పళ్ళసెట్టుంది, ఆరింటికి రోగి నోట్లో పెట్టి చూడాల్సింది.

“ఇదేంటండీ ఇది? ఎడమవైపు కోరపన్ను కుడివైపు పెట్టారు, కుడిది ఎడమవైపు! ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇలా చేశారా?”

ఆయన తీసుకుని చూశాడు. నిజమే. మొహం మాడిపోయింది. మూడేళ్ళుగా ఎవరో బొమ్మలు గీసేవాళ్ళ పనిలో పట్టిపట్టి ఎత్తిచూపిన తప్పు, తన చేతిమీదుగానే జరిగింది. పాపం వాళ్ళకీ ఆవేళ ఏ దిగులుందో అని మొదటిసారి అనిపించింది.

“సరిచేస్తానమ్మా. ఆరుకి ఇచ్చేస్తా.”

స్పిరిటు దీపం వెలిగించాడు. మైనం కరిగీ కరగనట్టు వెచ్చచేసి, రెండు పళ్ళూ ఊడదీసి, అటుదిటూ ఇటుదటూ పెట్టి, పక్క పళ్ళు కదలకుండా చిగురు మళ్ళీ దిద్దాడు. జేబులో ఫోను గుర్రుగుర్రుమంటూనే ఉంది. చెయ్యి పెట్టడానికి లేదు. ఒక్కో చప్పుడూ ఒక్కో మనిషి దిగిన చప్పుడని తెలుస్తూనే ఉంది. కౌంటరు అమ్మాయి వచ్చి సెట్టు పట్టుకుపోయేసరికి ఆరూ పది.

చేతులు కడుక్కోకుండానే ఫోను తీశాడు. ఇద్దరే ఉన్నారు: డ్రైవరక్క, తను. ఇక మొహమాటానికి చోటే లేదు. ఆయన గబగబా రాశాడు: ‘నాకు పళ్ళ పిచ్చి లేదు. రోజంతా పళ్ళే చూస్తాను. మీతో ఒక మాట మాట్లాడటానికే ఆ రిపోర్టు రాసేవాణ్ణి. వీలైతే ఒకరిద్దరు ఉండండి.’

జవాబు వెంటనే వచ్చింది.

“అయ్యయ్యో, ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదండీ! అందరూ అక్కడికెళ్ళిపోయారు. మీరూ వచ్చెయ్యండి. అక్కడ అంతా గోలగోలగా ఉంది, నేను చూసుకోవాలి. దిగుతున్నానండీ.”

ఆవిడ దిగిపోయింది. ఆ కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం తనంతట తనే వచ్చింది: ఇప్పుడు మీరు అడ్మిన్. సభ్యులు: ఒకరు.

జీవితంలో ఎవరూ ఆయన్ని దేనికీ పెద్దని చెయ్యలేదు. తీరా చేశాక చూస్తే పెత్తనం చెయ్యడానికి పురుగు కూడా లేదు. నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపైపోయింది. ప్లాస్టరు పొడి చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని తెలిసి కూడా తుడుచుకున్నాడు, అవి మండాయి.

కొత్త గ్రూపుకి వెళ్ళలేదు. దిగుతున్నా అని రాయడానికి వేలు ఆడలేదు. చెప్పాలంటే వినేవాళ్ళుండాలి; పైగా తనూ దిగితే మూడేళ్ళ మాటలు ఇక ఎవరి దగ్గరా ఉండవు. ఉండనీ అనుకున్నాడు. దీపం ఆర్పాడు, బల్ల తుడిచాడు, ఫోనుకి చార్జింగు పెట్టాడు. రేపటిదాకా తనకి ఎవరి కబురూ రాదు, దాన్ని మోసుకెళ్ళడం దేనికని అక్కడే వదిలేసి, తలుపు దగ్గరికి లాగి మెట్లు దిగిపోయాడు.

వీధి మలుపు తిరిగేవేళకి వెనకగది బల్ల మీద ఫోను వెలిగింది. ఎవరో కొత్తగా ఎక్కుతామంటున్నారు, అడ్మిన్ ఒప్పుకోవాలట. ఆరడానికి పెట్టిన నాలుగు దవడల మధ్య అది కాసేపు వెలిగి, నల్లబడి, అలాగే పడి ఉంది.