బడి పొయ్యి, బయటి పొయ్యి

మా కోడలు కోమల బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. అది చాలదన్నట్టు చుట్టుపక్కల ఊళ్లలో పండుగలకూ ఫంక్షన్లకూ వంట ఒప్పుకుంటుంది. ఎవరు ఫోను చేసినా కాదనదు. ఆమె ఒప్పుకోవడం, ఉల్లిగడ్డల బస్తా వచ్చి నా ముందు పడటం.

మొన్న గురువారం పానగల్‌లో మా మరిది రఘుపతి ఇంట్లో పోశమ్మ పండుగ. గురువారమంటే బడి ఉంటుంది. పిల్లల అన్నం ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటానని బడి మేడమ్ అప్పటికే చెప్పి ఉంది.

"వద్దే, ఉన్న నౌకరి పోతది" అన్నాను.

"పొద్దు పొడవకముందే పోదం అత్తా. ఆడ వండి పెట్టి బడి యాళ్లకు ఈడుంట. గింత దానికి ఫికరెందుకు?"

ఆమె చేయని ఫికరంతా నేనే చేస్తూ వెంట పోయాను.

చుట్టాలకు పప్పు, కూరలు, పచ్చిపులుసు అయ్యాయి. పోశమ్మకు నైవేద్యంగా ఎక్కించే బెల్లంబువ్వ దించడమే మిగిలింది. బడిలో అయితే వంట మనిషి మేడమ్ ఎదుట ముందు తాను తిని చూపించాకే పిల్లలకు వడ్డించాలి. రోజూ అదే అలవాటు. కోమల గరిటెతో కొంచెం బువ్వ తీసి అరచేతిలో వేసుకుని, ఊదుకుని నోట్లో పెట్టుకుంది. "ఇంకింత బెల్లం పడాలె" అని కూడా అంది.

రఘుపతి భార్య హనుమమ్మ అది చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓ కోమలా! పోశమ్మ కంటె ముందే నువ్వు తింటివా? ఎంగిలాయె గదనే!"

"చెయ్యి అలవాటు చిన్నత్తా. బడిల రుచి చూడకపోతే మేడమ్ తిడ్తది."

"గీడ చూస్తే పోశమ్మ తిడ్తది!"

ఆ కుండ పక్కకు పోయింది, కొత్త కుండ వచ్చింది. అప్పుడే కోమల ఫోను మోగింది. బడిలో పొయ్యి ఇంకా వెలగలేదని మేడమ్ అరుస్తుంటే ఆ అరుపు మాకందరికీ వినబడింది.

"నువ్వు పో. బువ్వ నేను వండుత" అని కుండ అందుకోబోయాను.

"నువ్వద్దక్కా... తప్పు వట్టుకోకు" అంది హనుమమ్మ.

మొగుడు పోయిన దాని చెయ్యి పోశమ్మ కుండకు తగలరాదట. ఉల్లిగడ్డలకు తగలొచ్చు. చీకటి ఉండగానే కూర్చుని వాటన్నిటినీ నేనే కోశాను. నాకు ఒళ్లు మండింది.

"దాని నోరు పనికి రాకపాయె, నా చెయ్యి పనికి రాకపాయె. నీకేమైందే? మొక్కు నీది, మొగుడు కండ్లముందట్నే ఉన్నడు. కూసో పొయ్యికాడ!"

"పట్టుచీర కట్టుకున్ననక్కా!"

"ఇప్పి పాతది కట్టుకో. పోశమ్మ ఏమనదు."

చుట్టాలు నవ్వారు. రఘుపతి నవ్వకుండా బండి తీసి కోమలను ఎక్కించుకుని పోయాడు. హనుమమ్మ పాతచీర కట్టుకొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. పొగలో దగ్గుతూ "నీళ్లెన్ని పొయ్యాలక్కా? మంట తగ్గియ్యాల్నా?" అని ఆమె అడగడం, గడప బయట నిలబడి నేను చెప్పడం. నా మాటకు మాత్రం ఏ అంటుముట్టూ లేదు. బువ్వ అడుగంటింది. పోశమ్మకు అదే ఎక్కించారు.

నేను ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. కోమల అరుగు మీద కూర్చుని కాళ్లు ఒత్తుకుంటోంది.

"ఏమాయె? తీసేసిందా?"

"పోరగాండ్లు పళ్లాలు మోగిస్తుండంగ వడ్డించిన. ఇగ తిట్టింది సూడు! ఎవలింటికి పోయినవ్, ఏమేం వండినవ్, ఎంతమందికి వండినవ్ అని అన్ని అడిగింది."

"అడిగి?"

"వచ్చే బుధవారం ఆమె బిడ్డకు ఓణీల ఫంక్షనట. వంటకు నన్నే రమ్మంటంది."

"బుధవారం బడి ఉంటది గదనే! పిల్లలకు ఎవలు వండాలె?"

కోమల తల ఎత్తలేదు. కాళ్లు ఒత్తుకుంటూనే ఉంది.

"మీ అత్తను పంపు అన్నది. సరే అని చెప్పిన."