జర జరుగవ్వా

పొద్దు పొడిచిందంటే చెరువు నడుమ తేలే గడ్డ మీది పదమూడు ఇండ్లోళ్లు గడ్డ అంచుకు వచ్చి కాళ్లు నీళ్లల్ల పెట్టేటోళ్లు. వలకు పోయేది ఉంటే లోతు దిక్కు, కేసముద్రం అంగడికి చేపలు తీస్కపోయేది ఉంటే కట్ట దిక్కు మొఖం పెట్టి, అందరు ఒక్కసారి "జర జరుగవ్వా" అనేటోళ్లు. గడ్డ జరిగేది. పొయ్యి మీది చాయ తొణకకుండ, పండుకున్న మేక లేవకుండ, మెల్లగ. దానికి మళ్ల దండం పెట్టుడు, కొబ్బరికాయ కొట్టుడు ఏం లేదు. మంచంల ముసలవ్వను జర జరుగుమంటమా, గట్లనే.

ఒక్కటే పేచీ. పదమూడు పొయ్యిలోళ్లు అనాలె. ఒక్క పొయ్యి తరఫున నోరు లేవకున్నా గడ్డ కదలదు. అందుకే ఆడ తగాదాలు నిలువ ఉండకపోయేటియి. "కోపం అన్నం ఉడికేదాకనే" అని ఆడోళ్ల మాట. ఇంట్ల అన్నం ఉడికిందంటే కుండతోటి కోపం గూడ దించాల్సిందే. పక్కింటి పొయ్యి వెలగకుంటే ఎందుకు వెలగలేదని పోయి అడిగేటోళ్లు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు జీపుల ఒక సారు దిగిండు. కట్ట మీద నిలబడి, "కరెంటు లేదు, బడి లేదు, దవాఖాన లేదు, ఇదొక బతుకా?" అన్నడు. అరే, అవి పెట్టుమనే కదా ఇన్నేండ్ల సంది దరఖాస్తులు! అవి మాత్రం తీస్కరాలె. గడ్డ ఖాళీ చెయ్యున్రి, సార్లకు బంగ్లా కడుతమన్నడు. మేం చెయ్యం పో అన్నరు గడ్డోళ్లు. సారు గడ్డోళ్ల రెండు పడవలు గుంజుకపోయిండు. గడ్డే నడుస్తాంటే పడవలెందుకని వీళ్లు నవ్విన్రు. ఆ నవ్వే కొంప ముంచింది. గడ్డ ఎట్ల నడుస్తదో సారు ఆరా తీసిండు.

తీసి, గడ్డ మీద ఒంటిగ పొయ్యి పెట్టుకున్న సాంబయ్యకు నౌకరిచ్చిండు. ఏం నౌకరి? నోరు మూస్కునే నౌకరి! ఖాకీ అంగీ ఇచ్చి, "పొద్దున అందరు అన్నప్పుడు నువ్వు అనకు, గంతే" అన్నడు. థూ! అన్నం తినేటోడు చేసే పనేనా అది? సాంబయ్య చేసిండు.

అంగీ తొడిగిన మూడోనాడు పొద్దున్నే సమ్మమ్మకు నొప్పులు లేసినయ్. తొలుసూరు కాన్పు. సమ్మమ్మ చిలుకమ్మ బిడ్డ. చిలుకమ్మ సాంబయ్యకు సొంత వదినె. తల్లి లేని సాంబయ్యను చేతుల ముద్ద పెట్టి సాదింది.

మంత్రసాని అజ్మత్ బీ బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. "చిలుకా, కడుపుల బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతుల లేదు. దవాఖానకు తీస్కపోకుంటే రెండు పానాలు పోతయ్."

అందరు నీళ్లల్లకు ఉరికిన్రు. "జర జరుగవ్వా!" గడ్డ కదల్లె. సాంబయ్య తన ఇంటి ముంగట నిలబడి నేల చూస్తాండు.

"సాంబయ్యా, అనురా!" అన్నది చిలుకమ్మ.

"నౌకరి పోతది వదినె. రేపు పర్మినెంట్ జేస్తమన్నరు."

"రేపటికి నా బిడ్డ ఉంటదారా?"

సాంబయ్య ఖాకీ అంగీ గుండీలు సదురుకుంట పక్కకు తిరిగిండు.

చిలుకమ్మకు కోపం నెత్తికెక్కింది. తిట్టలె, కొట్టలె. సక్కగ వాని ఇంట్లకు పోయింది. మండుతున్న పొయ్యి మూడు రాళ్లు ఉత్త చేతులతోటి పెకిలించి, తెచ్చి చెరువుల పారేసింది. రాళ్లు సుయ్యిమన్నయ్. ఆమె అరచేతులు బొబ్బలెక్కినయ్.

"ఇగ పన్నెండే పొయ్యిలు! అనున్రి!"

అన్నరు. గడ్డ జరుగుడు కాదు, కట్ట దిక్కు ఉరికింది. ఉరికినప్పుడు సాంబయ్య ఇల్లున్నంత నేల తెగి, వానితోటి చెరువు నడుమ ఆగిపోయింది. ఎవ్వరు వెనుకకు చూడలె. దవాఖానల సమ్మమ్మ బతికింది, ఆడపిల్ల బతికింది.

సారు వచ్చి ఆ తునక చూసి, దీనిమీద బంగ్లా కాదు, మంచం గూడ పట్టదన్నడు. ట్రాన్స్‌ఫర్ అయి పోయిండు. నోరు మూస్కున్నా ఆగే గడ్డ లేనంక నౌకరి ఎక్కడిది? సాంబయ్య ఒక్కడే రోజు కాళ్లు నీళ్లల్ల పెట్టి "జర జరుగవ్వా" అని మొత్తుకునేటోడు. తునక కదలకపోయేది. గడ్డ మీది పోరడు మొగిలి లారీ ట్యూబు మీద పోయి ఇన్ని ఉడుకబెట్టిన మక్కగుడాలు ఇచ్చి వచ్చేటోడు.

చిలుకమ్మ మాత్రం ఆరు నెలలు పొయ్యి మీద అన్నం పెట్టలె. జొన్నరవ్వ గట్క కాసుకొని తిన్నది. ఎవరన్న అడిగితే, "అన్నం ఉడికితే కోపం దించాలె. నేను దించ" అనేది.

ఆరో నెల పిల్లకు అన్నం ముట్టియ్యాల్సిన రోజు వచ్చింది. పక్కింటోళ్లు వండి తెస్తమన్నరు. "నా మనుమరాలికి ఊరోళ్ల అన్నమా?" అని కస్సుమని చిలుకమ్మనే ఎసరు పెట్టింది. సాంబయ్యను తిట్టుకుంటనే బియ్యం పోసింది. మచ్చలు పడ్డ చేతులతోటి కలియబెట్టింది. కండ్లల్ల నీళ్లు పొగకు కాదు.

అన్నం ఉడికింది. ఎవ్వరు "జర జరుగవ్వా" అనలె. గడ్డ జరిగింది.

పోయి పోయి తునకకు ఆనింది. సాంబయ్య ఖాకీ అంగీల తన పొయ్యి మూడు రాళ్లు మూట గట్టుకొని నిలబడి ఉన్నడు. చెరువుల మునిగి ఏరుకున్నయ్. ఎప్పటినుంచి అట్ల నిలబడుతాండో ఏమో.

చిలుకమ్మ పిల్లకు తొలి ముద్ద పెట్టింది. మిగిలిన అన్నం గిన్నెల వేసి వాని ముంగట టప్పున పెట్టింది.

"కోపం పోలె నాకు. అన్నం ఉడికింది, ఏం జేద్దం. తిని, పొయ్యి పెట్టు."