నల్ల వైరు

దుకాణం షట్టరు సగం వరకే లేచి ఉంది, మంగతాయారు నడుం వంచి లోపలికి దూరుతుంది, లోపల బల్ల దగ్గర త్రిమూర్తులు కూర్చుని ఉన్నాడు, కూర్చున్నది ఎప్పటి ఇనప స్టూలు మీదే గాని కింద నేల మాత్రం మండపేట మెయిన్ రోడ్డులోని దుకాణం నేల కాదు, గోదావరి దాటించే పంటు పడవ చెక్కల్లా మెల్లగా ఊగుతోంది. భర్త పోయి ఐదు నెలలైందని ఆమెకు గుర్తుంది. పోయిన మనిషి ఇక్కడెందుకున్నాడన్నది మాత్రం అడగాలనిపించదు, అంతకంటే తొందర పని చేతిలో ఉంది. చెప్పుల పెట్టెంత చిన్న బండి, రెండు చక్రాలు, మీద పచ్చటి బోర్డు, పక్కన సెల్లుల డబ్బా. ఎటు తిరగాలో కంప్యూటర్లో రాసి బోర్డుకి పంపితే ఆ బండి తనంతట తానే నడవాలి. నడవడం లేదు.

"ఇంకా అవలేదేంటే తాయారూ?" అంటాడు త్రిమూర్తులు తల ఎత్తకుండా.

"అవలేదండీ. పది రోజుల్నించీ చూస్తన్నాను. రాసిందంతా తప్పుల్లేకుండా వెళ్తంది, బోర్డు మీద లైటు వెలుగుతుంది, చక్రాలు మాత్రం ఒక్కసారి వణికి ఊరుకుంటన్నాయి."

"ఇలా తే. నువ్వు టార్చి పట్టుకో."

ఆమె బండి ఇచ్చేస్తుంది, టార్చి ఎక్కడినుంచో చేతిలోకి వచ్చేస్తుంది, ఇచ్చేశాక గాని తనమీద తనకు ఒళ్ళు మండదు. ముప్పై ఒక్క ఏళ్ళు రేడియోలు, టీవీలు, మిక్సీలు, ఊళ్ళో ఆయన విప్పని వస్తువు లేదు, విప్పినప్పుడల్లా పక్కన నిలబడి లైటు పట్టింది ఆమే, ఏ స్క్రూ ఎక్కడిదో ఆయనతోపాటు ఆమెకూ తెలుసు, కానీ స్క్రూడ్రైవరు ఒక్కసారైనా ఆమె చేతికి రాలేదు. చివరి ఏడాది ఆయనకు ఈ బండ్ల మీద మోజు పుట్టింది, ఆడపిల్లల హైస్కూల్లో తొమ్మిదిమందికి నేర్పుతానని మాటిచ్చాడు, బండి ఒక్క అడుగూ వేయకముందే పోయాడు. సామాను ఇంకో బడికి పంపేస్తామని హెడ్ మిస్ట్రెస్ అన్నప్పుడు మంగతాయారు నోట్లోంచి "నేను చెప్తానండి" అని వచ్చేసింది. శనివారం క్లాసు.

ఇప్పుడు దుకాణానికి వెనక గోడ లేదు, గోడ ఉండాల్సిన చోట బడి వరండా ఉంది, తొమ్మిదిమంది పిల్లలు రిబ్బన్లు ముడేసుకుని వరసగా కూర్చున్నారు, ఎవరూ ఏమీ అడగరు, అడగకుండా చూడటమే ఆమెకు భరించలేకుండా ఉంది. త్రిమూర్తులు ఒక స్క్రూ తీస్తాడు, బిగిస్తాడు, మళ్ళీ అదే తీస్తాడు, తీసిన కొద్దీ గుప్పిట్లో స్క్రూలు పెరిగిపోతున్నాయి, బండి మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

"హైదరాబాదు నుంచి పార్టు రావాలన్నారుగా," అంటుంది ఆమె. "అది వస్తేగాని నడవదన్నారు. ఏ పార్టండీ? డబ్బాలన్నీ వెతికాను, కాగితాలన్నీ తిరగేశాను. పేరైనా చెప్పకుండా పోయారు."

ఆయన చెయ్యి ఆగిపోతుంది. పంటు ఊగడమూ ఆగిపోతుంది.

"ఏ పార్టూ లేదే."

"లేదా?"

"నాకే చెయ్యడం రాలేదు. ఎంత చూసినా బుర్రకెక్కలేదు. పిల్లలకేం చెప్పాలో తెలీక పార్టు రావాలన్నాను."

పది రోజులు లేని వస్తువు కోసం అటకలూ సొరుగులూ దులిపింది మంగతాయారు. తిట్టడానికే నోరు తెరుస్తుంది గాని, మాట బయటికి వచ్చేసరికి అది ఇంకోలా మారిపోతుంది.

"నాతో అనొచ్చుగా. పక్కనే నిలబడ్డాను కదా."

"నువ్వు చూస్తంటే నాకు రాదని ఎలా అనను?"

ఆమె టార్చి బల్లమీద పెట్టేసి బండి లాక్కోబోతుంది. ఆయన వదలడు. ఇద్దరి చేతుల మధ్య ఆ బండి కాసేపు అటూ ఇటూ అవుతుంది, పిల్లలు చూస్తూనే ఉన్నారు, చివరికి ఆయనే వేళ్ళు వదులు చేస్తాడు, ఆమె దాన్ని వెలుగులోకి తిప్పుతుంది, తిప్పగానే కనిపిస్తుంది.

"ఇదిగో, నల్ల వైరు. మోటార్ల దగ్గర్నించి వచ్చి ఊరికే వేలాడతంది. దీన్ని బోర్డు నెగటివ్‌కి కలపాలి."

"అది దానికెందుకు?" అంటాడు త్రిమూర్తులు, నిజంగానే తెలియక.

"బోర్డుకి కరెంటు కంప్యూటర్నించి వస్తంది, మోటార్లకి సెల్లుల్నించి. రెండిటి నెగటివ్‌లూ ఒకచోట కలవకపోతే బోర్డు చెప్పేది మోటార్ల దాకా అందదండీ. ఎలాగంటే..."

ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు, బల్ల కింద కాలితో చెప్పులు వెతుక్కుంటున్నాడు, పంటు ఎక్కడో ఒడ్డుకు ఆనుకున్న చప్పుడవుతుంది.

"కూచోండి. పూర్తిగా వినండి."

"వింటన్నాలే," అంటూ చెప్పులు తొడుక్కుంటాడు.

"వినట్లేదు మీరు. ఎప్పుడూ ఇంతే. ఒక్క నిమిషం కూచోలేరా."

ఆ మాట పైకే అనేసి మంగతాయారు నిద్రలోంచి లేచింది. మధ్యాహ్నం మూడైంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, బల్లకు ఆనించిన చెంప చెమటతో తడిసింది. ఎదురుగా ల్యాప్‌టాప్ కంప్యూటరు బ్యాటరీ మీద ఇంకా వెలుగుతూనే ఉంది. బండి పక్కకు ఒరిగి ఉంది. సెల్లుల డబ్బా నుంచి మోటార్లు తిప్పే చిన్న బోర్డుకు రెండు వైర్లూ వెళ్ళాయి గాని, అక్కడి నుంచి పచ్చ బోర్డు నెగటివ్‌కు వెళ్ళాల్సిన నల్ల వైరు చివర దేనిలోనూ లేదు.

ఆమె దాన్ని పచ్చ బోర్డు మీది గుంటలో గుచ్చింది. చక్రాలు తిరిగాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతూ మంచినీళ్ళ గ్లాసును తన్ని పడేసింది.

"ఇదొకటి," అనుకుంది విసుగ్గా, చీరకొంగుతో బల్ల తుడుస్తూ. శనివారానికి రెండు రోజులే ఉన్నాయి.

నీళ్ళు తగలకుండా బల్లమీదున్న ఆయన నోటుపుస్తకం పైకి తీసింది. తడి అంటిందేమోనని పేజీలు విప్పితే పెన్సిలుతో గీసిన బండి బొమ్మ వచ్చింది. ఎర్ర వైరు పక్కన టిక్కు, పసుప్పచ్చ దాని పక్కన టిక్కు. నల్లదాని పక్కన ఉన్న మసకను ఆమె ఇన్నాళ్ళూ చేతి మరక అనుకుంది. కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తే అది ప్రశ్నార్థకం. రాసి, చెరిపి, మళ్ళీ అక్కడే రాసి చెరిపినది. కాగితం ఆ చోట పలచబడిపోయి ఉంది.