ప్రూఫు కాపీ

"ఇరవై ఏడేళ్ళలో అడక్కుండా ఒక్క కాగితం ముక్క పట్టుకెళ్ళానా బాబూ? చెడిపోయిన షీట్లు కూడా మీకు చూపించేగా తీసుకెళ్ళాను?" బైండింగ్ తాత ఈ మాట అడగడం అది మూడోసారి.

ఓనరు గోడవైపు చూస్తూ, "ఆ షీట్లే కొంపముంచాయి. పుస్తకం నీ ఇంటికి చేరింది, అక్కణ్ణించి మనవడి ఫోన్‌లోకి పోయింది. ఇంకెవరు చేస్తారు?" అన్నాడు.

మధ్యాహ్నం రెండు దాటింది. కింద మిషన్ ఆపేశారు. పై గదిలో ఎవరూ అన్నం డబ్బా మూత తీయలేదు. తాత చేతులకు జిగురు ఎండిపోయి, చర్మం పొరలుగా లేచినట్టుంది. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కాకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఎదురు కుర్చీలో నర్సమ్మ కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర దుకాణాలవాళ్ళు తిప్పి పంపిన పుస్తకాల కట్టలు రెండు. పురుళ్ళ వార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషి. తన కళ్ళముందు బతికినవాళ్ళ గురించీ, బతకనివాళ్ళ గురించీ పుస్తకం రాసుకుంది. ఇద్దరు ప్రచురణకర్తలు పెదవి విరిచారు. దాంతో రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ములోంచి తీసి, ఈ ప్రెస్సులోనే అయిదువందల కాపీలు వేయించుకుంది. ఒక్కో కాపీ ఖరీదు తాతకు సగం రోజు కూలి. మొదటి మూడు నెలలూ బాగానే పోయింది. అప్పుడు ఒక పెద్ద ప్రచురణ సంస్థ తనంతట తానే కబురు పెట్టి, ఆయాల మీద ఆమె రాస్తున్న రెండో పుస్తకం మేమే వేస్తామంది.

ఆ తర్వాత పుస్తకం మొత్తం ఫోన్లలో ప్రత్యక్షమైంది. అరవై వేలమంది ఉన్న ఛానెల్లో, 'ఉచితం' అని ఎర్రక్షరాలతో. ఈ రోజుల్లో ఆ మాటకు దొరికే మర్యాద రాసినవాళ్ళకు దొరకడం లేదు. పొద్దున్నే ప్రచురణ సంస్థవాళ్ళు ఫోన్ చేశారు. 'మొదటిది ఊరికే దొరుకుతుంటే రెండోది డబ్బుపెట్టి ఎవరు కొంటారమ్మా? ప్రస్తుతానికి వద్దులెండి' అన్నారట.

"పోలీసుల దాకా పోను. ఎవరు చేశారో తెలిస్తే చాలు" అని నర్సమ్మ తన ఫోన్‌ను పక్కనే ఉన్న టైపు అమ్మాయి చేతికిచ్చింది. "నువ్వు చూడమ్మా. నా కళ్ళకి ఈ అక్షరాలు ఆనడం లేదు."

టైపు అమ్మాయికి ముప్పై ఆరేళ్ళు. ప్రెస్సులో చేరిన రోజు నుంచీ అందరికీ అమ్మాయే. ఆ పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కూర్చింది ఆమే. తెర మీద పేజీలు జరుపుతూ నూట పన్నెండో పేజీ దగ్గర ఆగింది. పేజీ మధ్యలో ఖాళీ చట్రం. లోపల, 'ఆయాల ఫొటో ఇక్కడ' అని ఉంది.

ఆమె ఆ చట్రాన్ని గుర్తుపట్టింది. ఆ ఫొటో ఒక ఆయా ఇంట్లో వెతికి పట్టుకొచ్చేసరికి వారం ఆలస్యమైంది. ఈలోగా దిద్దడానికి పంపేందుకు ఆ చోటు వదిలి ఫైలు తయారు చేసింది తనే. అచ్చయిన ప్రతి పుస్తకంలోనూ ఫొటో ఉంది. అంటే తాత చేతికొచ్చిన షీట్లకూ ఫోన్లలో తిరుగుతున్నదానికీ సంబంధమే లేదు.

ఆ ఫైలు ముగ్గురి దగ్గరే ఉంది. నర్సమ్మ, తను, మూడోది వదిన. వదిన బట్టలు కుట్టే మనిషి. 'నువ్వు చేసిన పుస్తకం మాకు చూపించవా?' అని అడిగితే ఉబ్బితబ్బిబ్బై పంపింది. ప్రెస్సులో చేరిన ఈ పన్నెండేళ్ళలో ఆమె చేతి పనిని చూపించమన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

చెప్పడానికి నోరు తెరిచింది. అద్దె గుర్తొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే వాటికన్నా ముందు నర్సమ్మ మొహం గుర్తొచ్చింది. ఆ మొహం తనవైపు తిరిగి ఎలా మారుతుందో ఊహించడానికే భయపడింది.

"లెక్క చూసి పంపిస్తాను. రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాడు ఓనరు.

తాత ముగ్గురి మొహాల్లోకీ ఒకసారి చూశాడు. టైపు అమ్మాయి కీబోర్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు చివరి మెట్టు దాకా వింది.

మంచినీళ్ళ వంకతో వసారాలోకి వెళ్ళి వదినకు ఫోన్ చేసింది.

"ఆ నర్సమ్మ పుస్తకం ఎవరికిచ్చావ్ వదినా?"

"మా టైలర్ల గ్రూపులో పెట్టానే. అందరూ ఏడ్చారంటే నమ్ము! మా ఆడపడుచే తయారు చేసిందని గొప్పగా చెప్పుకున్నా."

"అక్కణ్ణించి ఎవరో ఛానెల్లో పెట్టారు. ఆవిడ పుస్తకాలు ఆగిపోయాయి."

"అంతమంది చదివితే మంచిదేగా? ఆవిడకి పేరొచ్చిందిగా?"

"నువ్వు కుట్టిన గౌను నిన్నడక్కుండా ఎవరికో ఉత్తినే ఇచ్చేస్తే ఊరుకుంటావా?"

"గౌనిస్తే నా దగ్గర ఉండదు. ఇది ఎందరికిచ్చినా ఇంకా ఉంటుందిగా!"

"ఫైలుంటుంది వదినా. ఆవిడకి తిండి ఉండద్దూ?"

"సర్లే, నా పేరు మాత్రం బయటపెట్టకు తల్లీ. రేపు నాకెవరూ బట్టలివ్వరు" అని వదిన పెట్టేసింది.

భయపడితే ఇద్దరం ఒకే రకంగా ఉన్నాం అనిపించి, తన మీద తనకే అసహ్యం వేసింది.

లోపలికొస్తే నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. "నా పుస్తకం చదివి మొదట ఏడ్చింది నువ్వేనమ్మా. నీలాంటివాళ్ళు పదిమంది ఉన్నా చాలనుకున్నాను."

ఆ మాట ఆమె తట్టుకోలేకపోయింది. చెయ్యి విడిపించుకుని ఫోన్‌లో నూట పన్నెండో పేజీ తీసింది.

"ఇది చూడండమ్మా. ఫొటో లేదు. ఇది అచ్చయిన పుస్తకం కాదు, ప్రూఫు. దీన్ని బయటికి పంపింది నేనే. మా ఇంట్లోవాళ్ళకి చూపించాలని పంపాను. తాతకి ఏ పాపం తెలీదు."

ఓనరు చటుక్కున లేచాడు. "నోర్ముయ్! ఆ పేజీ నేను చూళ్ళేదనుకున్నావా? ఫైలు మన దగ్గర్నించే పోయిందని తెలిస్తే రేపు ఎవడిస్తాడు మనకి పని? ముసలాడు ఎలాగూ ఇంకో ఏడాదికి మానేసేవాడే."

ఓనరుకు తెలుసు. తెలిసే పంపించేశాడు. ఆమెకూ తెలిసింది. తెలిసే పోనిచ్చింది. వాళ్ళిద్దరికీ ఎంత తేడా ఉందో ఆమెకే అర్థం కాలేదు.

"నేను మూసుకోను. ఆయన్ని పిలుచుకొస్తాను" అని మెట్లు దిగింది.

తాత తన కత్తినీ, దబ్బనాన్నీ పాత గుడ్డలో చుట్టుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. ముడి వేయడం ఆపలేదు.

"మంచిదమ్మా, చెప్పావు. నేను మెట్లు దిగేటప్పుడు నువ్వక్కడే కూర్చున్నావుగా?"

"కూర్చున్నాను తాతా."

"అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

తాత తలాడించాడు. "పైకి రాను. నలుగురిలో దొంగన్నారు. నా తప్పు లేదని నేనొచ్చి వినాలా? అన్నవాళ్ళే వచ్చి చెప్పమను."

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఓనరు కాదు. నర్సమ్మ కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగుతోంది. నేరుగా తాత ముందుకొచ్చి నిలబడింది.

"నేను మిమ్మల్ని ఆ మాట అనలేదు. కానీ ఆయన అంటుంటే వింటూ కూర్చున్నాను. నాదీ తప్పే అన్నయ్యా."

తాత బల్ల మీదున్న కాగితపు ముక్కలు పక్కకు నెట్టి చోటిచ్చాడు. ఇద్దరూ కూర్చున్నారు. టైపు అమ్మాయిని ఎవరూ కూర్చోమనలేదు. క్షమించమని అడగాలనుకుంది గానీ, అడిగే హక్కు ఉందనిపించలేదు.

నర్సమ్మ ఆమెవైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

"రెండో పుస్తకం సగం టైపు చేశావుగా. నా చేతిరాత కాగితాలు ఇచ్చెయ్యి తల్లీ. కంప్యూటర్లో ఉన్నది తీసెయ్యి."

"మీ ఎదురుగానే తీసేస్తానమ్మా. పైకొచ్చి చూస్తారా?"

నర్సమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. "చూస్తే మాత్రం నాకెలా తెలుస్తుంది, ఇంకో కాపీ ఎక్కడైనా ఉందో లేదో?"